పద్మినీ కారుకు కొత్త పెట్రోలు ట్యాంకు: అల్యూమినియం సరిపోతుందా?

ప్రశ్న: ఇంట్లోనే బాగుచేసుకుంటున్న ప్రీమియర్ పద్మినీలో ఇంజను, బాడీ పనులు పూర్తయ్యాయి గానీ, పెట్రోలు ట్యాంకు అడుగు తుప్పుపట్టి జల్లెడలా మారింది. 3 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకుతో కొత్తది చేయించాలనుకుంటున్నాను. పెట్రోలు ఎంతుందో మీటరుకు తెలిపే పాత ఫ్లోటునే వాడవచ్చా? ఇతర జాగ్రత్తలు కూడా తెలుపగలరు.

మొదటి జవాబు: వంచడానికి, వెల్డింగుకు అనువైన 5052 రకం రేకును అడగండి. లోపల రంధ్రాలున్న అడ్డుపలకలు తప్పనిసరి, ఎందుకంటే ట్యాంకు సగం ఖాళీ అయ్యాక బ్రేకు వేసినా, మలుపు తిరిగినా పెట్రోలు ఒక పక్కకు ఒరిగి, పీల్చే గొట్టం గాలిని లాగి, ఇంజను ఆగిపోతుంది. ఫ్లోటు చేయి పాత ట్యాంకు లోతుకు తగినట్టు చేసినది. కొత్తదాని లోతు మారితే మీటరు అబద్ధమే చెబుతుంది.

రెండవ జవాబు: ట్యాంకును రబ్బరు మీద బిగిస్తే అది బాడీకి తగలదు కనుక విడిగా ఎర్త్ వైరు వేయండి, లేకుంటే మీటరు ముల్లు కదలదు, పెట్రోలు పోసేటప్పుడు నిప్పురవ్వ భయమూ ఉంటుంది. గాలి గొట్టాన్ని డిక్కీలో వదలక కారు బయటికి తీయండి. 20 శాతం ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది కాబట్టి వాటినీ మార్చండి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలు. అంతవరకు పాతదానికే వెల్డింగుతో అతుకు వేయిస్తే నడుస్తుందా?

మొదటి జవాబు ఇచ్చినవారు: దయచేసి ఆ పని చేయకండి. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరే నిండు ట్యాంకు కంటే ప్రమాదకరం.