గ్యాస్ వాసనకు బజార్ మెకానిక్ సరిపోతాడా, ఏజెన్సీ మనిషే రావాలా?

రామగిరి నల్లగొండ
మాది కొత్తగా కట్టిన ఇల్లు. సిలిండర్ వెనక వాష్ ఏరియాలో ఉంటుంది. అక్కడి నుంచి రాగి పైపును గోడలో కప్పేసి కిచెన్ ప్లాట్‌ఫామ్ దాకా తెచ్చారు. ఈమధ్య పొద్దున్నే వంటగది తలుపు తీస్తే సన్నగా గ్యాస్ వాసన వస్తోంది. ఏజెన్సీకి ఫోన్ చేస్తే "ఆ పైపు మేం వేసింది కాదు, వేసినవాళ్లనే అడగండి" అన్నారు. ప్రకాశం బజార్‌లో స్టవ్‌లు బాగుచేసే ఆయన సాయంత్రం వచ్చి చూస్తానన్నాడు. మా మామయ్య మాత్రం కంపెనీ గుర్తింపు కార్డు ఉన్న మెకానిక్ తప్ప ఇంకెవరూ దాన్ని ముట్టుకోవద్దని పట్టుబడుతున్నాడు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, టెన్షన్‌గా ఉంది. మీరైతే ఎవరిని పిలుస్తారు?

మెట్టుగడ్డ పాలమూరు
బజార్ ఆయన్నే పిలవండి అన్నా. మా మహబూబ్‌నగర్‌లో స్టవ్ రిపేరు చేసేవాళ్లు కొందరు తండ్రుల కాలం నుంచీ అదే పనిలో ఉన్నారు. వాళ్ల చేతికి తెలిసినంత ఈమధ్యే చేరిన కుర్రాడికి తెలియదు. ఏజెన్సీకి చెప్తే రేపంటారు, ఎల్లుండంటారు. వచ్చినవాడు పైపు మార్చాలి, స్టవ్ మార్చాలి అంటాడు. బజార్ ఆయన గంటలో వస్తాడు, రేపు మళ్లీ సమస్య వస్తే అదే దుకాణంలో దొరుకుతాడు. కార్డు మెడలో వేసుకుంటే పనితనం వస్తుందా?

దేవరకొండ వైపు
ఈ చర్చ టౌన్‌లో ఉన్నవాళ్లకు సరిపోతుంది. మా తండాల సంగతి వేరు. 2016లో ఉజ్వల గ్యాస్ కనెక్షన్ల పథకం మొదలైన తర్వాత కట్టెల పొయ్యి నుంచి గ్యాస్‌కు మారిన ఇళ్లు చాలా ఉన్నాయి. సిలిండర్ బండి వస్తుంది కానీ మెకానిక్ రాడు. ఫోన్ చేస్తే స్టవ్‌ను దేవరకొండకు తెమ్మంటారు. ఆటోలో స్టవ్ పెట్టుకుని పోయి, కూలి పోగొట్టుకుని, మళ్లీ మోసుకుని రావాలి. అలాంటప్పుడు కార్డు ఉన్నవాడే కావాలంటే ఆ ఇంట్లో వంట ఎట్లా? ఊళ్లో సైకిల్ మీద తిరుగుతూ బాగుచేసే మనిషే మాకు దిక్కు.

మిర్యాలగూడ పాత ఉద్యోగి
నేను చాలా ఏళ్లు గ్యాస్ ఏజెన్సీలో పనిచేశాను. ముందు రామగిరి తమ్ముడికి ఒక మాట. ఎవరు రావాలన్నది తర్వాత తేల్చుకుందాం. ఇప్పుడే వెళ్లి రెగ్యులేటర్ ఆపి, సిలిండర్ నుంచి తీసేసి, తాడుకు వేలాడే సేఫ్టీ క్యాప్ బిగించండి. కిటికీలు, తలుపులు తెరవండి. వాసన ఉన్నంతసేపూ లైటు గానీ ఫ్యాన్ గానీ వేయొద్దు, వేసి ఉన్నవాటిని ఆపొద్దు కూడా. స్విచ్‌లో వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. మన సిలిండర్‌లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్. అవి గాలికన్నా బరువు, అందుకే నేలమీదే పేరుకుంటాయి. నిలబడ్డప్పుడు వాసన తక్కువగా ఉందని ధైర్యపడొద్దు, పిల్లలు ఆడుకునేది నేలమీదే. వాసన ఎక్కువగా ఉంటే ఇంట్లోంచి అందరూ బయటికొచ్చి, బయటి నుంచే 1906కు ఫోన్ చేయండి. వంటగ్యాస్ లీకుల కోసమే పెట్టిన నంబరు అది, 24 గంటలూ పనిచేస్తుంది. మంట కనిపిస్తే 101.

ఇక చర్చకు వస్తాను. మెట్టుగడ్డ తమ్ముడు చెప్పిన దాంట్లో సగం నిజం. బర్నర్‌లో మసి పట్టి మంట పసుపుగా వస్తోందా, గిన్నెలు నల్లబడుతున్నాయా, నాబ్ గట్టిగా తిరుగుతోందా? వీటికి బజార్ మెకానిక్ బాగా పనికొస్తాడు, నేనూ ఒప్పుకుంటాను. ఏజెన్సీ నుంచే స్టవ్ కొనాలన్న నిబంధన కూడా లేదు. ఐఎస్ఐ గుర్తు ఉన్న స్టవ్ ఎక్కడైనా కొనుక్కోవచ్చు. ఎవరైనా బలవంతం చేస్తే కంపెనీకి ఫిర్యాదు చేయండి.

కానీ అదే మెకానిక్‌ను "మంట చిన్నగా ఉంది, పెద్దది చేయి" అని అడిగితే కొందరు బర్నర్‌కు గ్యాస్ వదిలే జెట్ రంధ్రాన్ని సూదితో పెద్దది చేస్తారు. ఇంటామెకు రెండు రోజులు సంతోషం. తర్వాత గ్యాస్ పూర్తిగా మండక మసి, కళ్లమంట, సిలిండర్ తొందరగా అయిపోవడం. నాబ్ లీకైతే లోపల ఏదో ఒక గ్రీజు రాసి పంపేవాళ్లనూ చూశాను. వేడికి అది కరిగిపోతే లీకు మళ్లీ మొదటికే వస్తుంది. పనితనం లేక కాదు, పని అయిపోయాక పరీక్ష చేయకపోవడం వల్ల వచ్చే ఇబ్బంది ఇది. ఎవరు వచ్చినా సరే, పని అయ్యాక ప్రతి జాయింటు మీద సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయా అని మీ కళ్ల ముందే చూపించమనండి. అగ్గిపుల్ల గీసి చూసేవాడిని మాత్రం వెంటనే బయటికి పంపండి.

రెగ్యులేటర్, సిలిండర్ వాల్వు, రబ్బరు పైపు, గోడలో పోయే లైను మాత్రం ఏజెన్సీ వాళ్లకే వదలాలి. నేను చూసేది కార్డును కాదు. రేపు ఏదైనా జరిగితే ఆ పనికి జవాబు చెప్పేది ఎవరు? ఏజెన్సీ మెకానిక్ వచ్చాడంటే ఫిర్యాదు నంబరు ఉంటుంది, రసీదు ఉంటుంది, వెనక కంపెనీ ఉంటుంది. మనం ప్రీమియం కట్టకుండానే ఆయిల్ కంపెనీలు వినియోగదారులకు ప్రమాద బీమా తీసుకుంటాయని చాలామందికి తెలియదు. గ్యాస్ ప్రమాదంలో మనిషి చనిపోతే 6 లక్షలు, చికిత్సకు మనిషికి 2 లక్షల వరకు, కనెక్షన్ నమోదైన చిరునామాలో ఆస్తి నష్టానికి 2 లక్షల వరకు ఉంటుంది. ఎవరో బిగించిన పైపు, గుర్తులేని రెగ్యులేటర్ ఉన్న ఇంట్లో ప్రమాదం జరిగితే ఆ కుటుంబం ఎన్ని ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలో ఆలోచించండి.

మెట్టుగడ్డ పాలమూరు
సార్, బీమా సంగతి నాకు తెలియదు, చెప్పినందుకు థ్యాంక్స్. కానీ జవాబుదారీ అంటున్నారు, రామగిరి అన్నకు ఏజెన్సీ ఏం జవాబు చెప్పింది? "మాది కాదు" అంది. కష్టకాలంలో రానివాడి వెనక ఎంత పెద్ద కంపెనీ ఉంటే ఏం లాభం? నేను బజార్ మెకానిక్‌ను వెనకేసుకొస్తున్నది అందుకే.

మిర్యాలగూడ పాత ఉద్యోగి
మీ కోపం న్యాయమైనదే తమ్మీ. లీకు అని చెప్పినప్పుడు పైపు ఎవరు వేశారన్నది ఆ తర్వాతి ప్రశ్న, ముందు మనిషిని పంపి సిలిండర్, రెగ్యులేటర్ చూసి ఇంటిని భద్రం చేయాలి. వాళ్లు రాకపోతే 1906లో ఫిర్యాదు నమోదు చేసి ఆ నంబరుతో మళ్లీ ఏజెన్సీని అడగాలి. నోటిమాటగా అడిగితే తప్పించుకున్నవాళ్లు నంబరు చెప్తే వస్తారు, ఇది లోపల ఉండి చూసిందే చెప్తున్నాను.

ఇళ్ల పని సూర్యాపేట
నేను ఇళ్లు కట్టిస్తాను. గోడలో కప్పిన పైపు గురించి ఎవరూ మాట్లాడట్లేదు. సిలిండర్ బయట, వాసన లోపల అంటే లీకు పైపు లైనులోనో స్టవ్‌లోనో ఉండే అవకాశమే ఎక్కువ. లైను మధ్యలో అతుకు ఉండి, దాని మీద ప్లాస్టరింగ్, టైల్స్ వేసి ఉంటే సబ్బు నురగ ఎక్కడ రాస్తారు? సిలిండర్ తీసేసి, లైన్‌లో గాలి నింపి ప్రెషర్ గేజ్ పెట్టి ముల్లు దిగుతుందేమో చూడాలి. అది స్టవ్ రిపేరు మనిషి పని కాదు, గేజ్ ఉన్న పైప్‌లైన్ వాళ్ల పని. ముల్లు దిగితే ఆ లైన్‌ను వదిలేసి, గోడ బయట కనిపించేలా కొత్తది వేయించండి. కప్పిన చోట అతుకు మీద అతుకు వేయించొద్దు. నేనైతే ఓనర్లు ఎంత అందం అన్నా గోడ లోపల వేయను.

ఇంకొందరు రబ్బరు పైపునే గోడకు రంధ్రం చేసి అవతలికి తీస్తారు. అది ఇంకా ప్రమాదం. రబ్బరు పైపు మొత్తం కంటికి కనిపించాలి, మీటరున్నర దాటకూడదు.

దేవరకొండ వైపు
అందరూ బాగానే చెప్పారు, మా తండా ప్రశ్న అట్లే ఉంది. మెకానిక్ రాని చోట ఏం చేయాలి?

మిర్యాలగూడ పాత ఉద్యోగి
మీ దగ్గరికి సిలిండర్ తెచ్చే మనిషి వస్తాడు కదా, అక్కడే పట్టుకోండి. సిలిండర్ ఇచ్చేటప్పుడు తూకం, లీకు చూపించడం అతని బాధ్యత, మీరు అడగడం హక్కు. సీలు తీశాక వాల్వు లోపల నల్ల వాషర్ సరిగ్గా ఉందో చూపించమనండి. ఊళ్లలో నేను చూసిన లీకుల్లో ఎక్కువ ఆ చిన్న వాషర్ చిట్లడం వల్లే. లేకపోయినా, చిట్లినా ఆ సిలిండర్ తీసుకోవద్దు. స్టవ్‌కు వెళ్లే నారింజ రంగు రబ్బరు పైపు (సురక్ష పైపు) మీద తేదీ చూడండి. 5 ఏళ్లు దాటితే పైకి బాగున్నట్టు ఉన్నా మార్చాల్సిందే, వచ్చే బండిలో తెమ్మని ముందే చెప్పండి. స్టవ్ ఎప్పుడూ సిలిండర్ కన్నా ఎత్తులో ఉండాలి. గుడిసెల్లో రెండూ నేలమీద పక్కపక్కనే పెడుతున్నారు, కనీసం నాలుగు ఇటుకలు పేర్చి ఒక బండ వేసి స్టవ్ దానిమీద పెట్టించండి. ఇక తండా అంతా కలిసి ఒక దరఖాస్తు రాసి, నెలకోసారి మెకానిక్‌ను బండితో పంపమని ఏజెన్సీకి, దాని కాపీ కంపెనీకి ఇవ్వండి. స్టవ్ బర్నర్ పనికి మీ సైకిల్ మనిషి సరిపోతాడు, రెగ్యులేటర్ మాత్రం అతని చేతికి ఇవ్వొద్దు.

రామగిరి నల్లగొండ
రెగ్యులేటర్ తీసి క్యాప్ పెట్టేశాను, కిటికీలు తెరిచే ఉన్నాయి. 1906లో ఫిర్యాదు ఇచ్చి నంబరు తీసుకున్నా. బజార్ ఆయనకు ఫోన్ చేసి గోడ లైను సంగతి చెప్తే, "అది నా పని కాదు సార్, గేజ్ ఉన్నవాళ్లను పిలవండి" అని ఆయనే అన్నాడు. సూర్యాపేట అన్నా, నల్లగొండలో ప్రెషర్ పరీక్ష చేసేవాళ్లు తెలిస్తే పర్సనల్ మెసేజ్ పెట్టండి. అప్పటిదాకా కరెంటు పొయ్యి మీదే వంట.