అప్‌డేట్: దిల్‌సుఖ్‌నగర్ ఫ్లాటు అమ్మలేదు

దిల్‌సుఖ్‌నగర్‌లోని మా పాత ఫ్లాటును అమ్మి కోకాపేటలో కొనాలా అని ఆరు నెలల క్రితం అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. చివరకు అమ్మలేదు.

హైదరాబాదుకు ఒకే ధర ఉండదన్న మీ మాటే నన్ను ఆలోచింపజేసింది. 1998లో ఐటీ కంపెనీల భవనమైన సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఉద్యోగాల వెంట గిరాకీ మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి మీదుగా సాగి, 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు పూర్తయ్యాక నార్సింగి, కోకాపేటలను పట్టుకుంది. 2023 వేలంలో కోకాపేటలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్ల రూపాయలు పలికింది. భూమికే అంత పెట్టిన బిల్డరు అంతస్తులు పెంచక తప్పదు కనుక, ఒక్కో ఫ్లాటుకు దక్కే అవిభాజ్య వాటా (భవనం ఉన్న స్థలంలో ఆ ఫ్లాటు యజమానికి చెందే భాగం) బాగా తగ్గిపోతుంది. మా అయిదంతస్తుల భవనంలో మాకు 45 గజాల వాటా ఉంది. గోడలు పాతబడి విలువ కోల్పోయినా, ఆ భూమి విలువ అలా తరిగిపోదు, పైగా ఎప్పుడైనా పునర్నిర్మాణానికి ఇవ్వవలసి వస్తే లెక్కకు వచ్చేది అదే.

2018లో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ వరకు మెట్రో నడవడం మొదలయ్యాక మా వీధిలో అద్దెకు వచ్చేవారు మారారు. మునుపు ఎక్కువగా కోచింగ్ విద్యార్థులు ఉండేవారు. ఇప్పుడు ఉద్యోగం చేసే దంపతులు కూడా వస్తున్నారు. (సాయిబాబా గుడికి దూరం కాలేనన్న మా అమ్మగారి అభ్యంతరం మాత్రం ఏ లెక్కకూ లొంగలేదు.)

ప్రస్తుతానికి అమ్మగారు అక్కడే ఉన్నారు, మేము నార్సింగిలో అద్దెకు దిగాము.