వెడల్పు టైర్ల కోసం ఫెండర్ అంచు మడిపించవచ్చా?

నా కారుకి 6 అంగుళాల వెడల్పు రిమ్ములు తీసేసి 7.5 అంగుళాలవి వేయించాను. ఆఫ్‌సెట్ (రిమ్ము మధ్యగీతకీ, అది హబ్‌కి బిగిసే చోటుకీ మధ్య దూరం) కూడా 45 మిల్లీమీటర్ల నుంచి 35కి తగ్గింది. అంటే చక్రం దాదాపు 29 మిల్లీమీటర్లు బయటికి వచ్చింది. ఈ లెక్క కొనకముందే వేసుకోవాల్సింది, తప్పు నాదే!

ముందు చక్రాలతో ఇబ్బంది లేదు. వెనక ఇద్దరు కూర్చుని గుంతలో పడితే మాత్రం ఫెండర్ (చక్రం పైనుండే బాడీ రేకు) లోపలి అంచు టైరును గీరేస్తోంది. హీట్ గన్‌తో పెయింట్ వేడిచేసి, రోలర్‌తో అంచును లోపలికి మడిస్తే సరిపోతుందంటున్నారు. కానీ వెనక అక్కడ రెండు రేకులు కలిసి ఉంటాయి కదా, మధ్యలో సీలెంట్ పగిలితే నీళ్లు చేరి తుప్పు పడుతుందని టెన్షన్. మడిచాక మళ్లీ సీలెంట్ పూస్తే ఆగుతుందా? అసలు ఫెండర్ జోలికి పోకుండా స్ప్రింగులు గట్టివి వేయించడం మేలా? చేయించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.