పెద్దరికం, పెత్తనం: రెండూ ‘పెద్ద’ నుంచే వచ్చినయా?

నల్లగొండ (అడిగినవారు):
అందరికి నమస్తే. ఇంటర్ పిల్లల స్వభావాన్ని అంచనా కట్టే ఒక ప్రశ్నావళిని తెలుగులకు తెస్తున్నం. ముందు నిలబడి పని నడిపించే గుణం ఎవరిలో ఎంత ఉందో తెలిసేందుకు అండ్ల ఒక వాక్యం ఉన్నది. మొదటి ప్రతిల ‘పదిమందిలో ఉన్నప్పుడు పెత్తనం నేనే తీసుకుంటాను’ అని రాసినం. చదివినోళ్లంత ‘అస్సలు కాదు’ గడిలనే టిక్కు పెడుతున్నరు. ‘పెద్దరికం’ అని మారిస్తే, పదహారేండ్ల పిల్లకు పెద్దరికమేందని నవ్వుతున్నరు. రెండు మాటలూ ‘పెద్ద’ నుంచే వచ్చినయి గద. ఒకటి తిట్టెట్లయింది, ఇంకోటి గౌరవమెట్లయింది?

దేవరకొండ:
రెండూ ‘పెద్ద’ నుంచే. పెద + తల్లి పెత్తల్లి అయినట్టు, పెద + తండ్రి పెత్తండ్రి అయినట్టు, పెద + తనం పెత్తనం అయింది. పేదరికం, చుట్టరికం, కన్నెరికం వరుసలోదే పెద్దరికం. మూడో రూపం కూడా ఉంది, మరిచిపోవద్దు: పెద్దతనం. సంధి లేకుండా విడిగా మిగిలిన ఈ మాటకు అర్థం వయసు మళ్లడం. ‘పెద్దతనంల ఆమెకు గీ తిప్పలేంది’ అంటాం. ఒకే మొదలు నుంచి వయసుకొక మాట, మర్యాదకొక మాట, అధికారానికొక మాట పుట్టినయి. పాత నిఘంటువుల్లో పెత్తనానికి అధికారం, యాజమాన్యం అనే అర్థాలే ప్రధానం. తిట్టు వాసన తర్వాత అంటుకున్నది.

సూర్యాపేట:
అన్నా, మరి పెత్రమాస? అది సుత ‘పెద్దల’ అమాస్యనే గద. ఆ దినం పెద్దలకు బియ్యమిస్తం.

దేవరకొండ:
అర్థంలో దగ్గరే, పుట్టుకలో కాదు తమ్మీ. పెత్రమాస ‘పితృ అమావాస్య’ నుంచి వచ్చింది. చనిపోయినోళ్లను మనం పెద్దలంటాం కాబట్టి రెండూ కలిసినట్టు వినిపిస్తాయి.

పాలమూరు:
పదం పుట్టుక కన్నా దాని పక్కన ఏ క్రియ నిలబడుతుందో చూడండి, తేడా అక్కడ దొరుకుతుంది. పెత్తనం చేస్తరు, చెలాయిస్తరు, గుంజుకుంటరు. పెద్దరికం ఇస్తరు, నిలబెట్టుకుంటరు, పోగొట్టుకుంటరు. ‘పెద్దరికం గుంజుకున్నడు’ అని ఎవ్వరూ అనరు, ఎందుకంటే అది ఎదుటోళ్లు ఇచ్చేది. చెలాయించుడు అన్నది ఉర్దూ ‘చలానా’ నుంచి వచ్చిన మాట, నడిపించుడని అర్థం.

ఇంకొకటి. పెత్తనానికి ‘దార్’ అంటుకుంది: పెత్తందార్. జాగీర్దార్, వతన్‌దార్, తహసీల్దార్లలో ఉన్న ఫారసీ ప్రత్యయమే, ‘చేతుల పట్టుకున్నోడు’ అని అర్థం. పెద్దరికానికి ఆ దార్ అంటలేదు. చేతుల పట్టుకునేది ఏదైనా కొడుక్కు అప్పజెప్పవచ్చు. నిజాం కాలంలో మాలీ పటేల్ శిస్తు వసూలు చూసేది, పోలీస్ పటేల్ ఊరి కాపలా, నేరాల కబురు చూసేది, పట్వారీ లెక్కలు రాసేది. ఈ ముగ్గురి కొలువులూ వంశాన్ని పట్టి వచ్చినయి. 1984లో రద్దయ్యేదాక ఊర్లల్ల నడిచినయి. మాటకు చెడ్డపేరు ఎక్కడ నుంచి అంటిందని నల్లగొండ వారు అడిగితే, నా జవాబు ఇదే. గుణం చూసి ఇచ్చింది కాదు, పుట్టుక చూసి ఇచ్చింది.

నాగర్‌కర్నూల్:
పాలమూరు అన్న చెప్పింది బాగుంది గని, పెద్దరికమంటే అంతా మంచే అనుకోవద్దు. పంచాయితీని పెద్దమనుషులల్ల పెట్టినప్పుడు ఏమవుతదో చూడుండ్రి. ఇరుపక్షాలు తమ తరఫు మనుషులను చెప్తయి. మాట మీరకుండ ఇద్దరితోటి పైసలు డిపాజిట్ పెట్టిస్తరు. తీర్పైనంక తప్పు ఎవరిదైతే వాళ్లు ‘తప్పు’ కడతరు (జుర్మానాను మా దిక్కు తప్పు అనే అంటరు). ఇదంతా పెద్దరికమే. ఆ డిపాజిట్ ఎవరి దగ్గర ఉన్నది, తీర్పైనంక ఎన్నడు తిరిగి వచ్చింది అన్న కాడనే అది పెత్తనంగ మారుతది. పైసలు ఇద్దరికీ సంబంధం లేని మూడో మనిషి దగ్గర, నలుగురి ముందల లెక్కపెట్టి ఉంచితే పెద్దమనిషి పెద్దమనిషిగనే ఉంటడు. ఆయన జేబులకు పోయిందంటే ఎంత నీతిమంతుడైనా రెండో పంచాయితీకి ఆయన మాట చెల్లది. మనిషి అదే, స్వభావం అదే, మారింది ఏర్పాటు.

నల్లగొండ (అడిగినవారు):
ఇది నాకు చాన పనికొచ్చింది. మా ప్రశ్నావళి స్వభావాన్ని కొలుస్తది గని ఆ స్వభావం మంచికి వాడుతడా చెడుకు వాడుతడా అన్నది కొలవది. ఆ రెంటినీ పెత్తనం అన్న ఒక్క మాటల కలిపేసినం. మరి ఆశకు ఏం మాట వాడాలె? పైకి రావాలె, పదవి అందుకోవాలె అన్న కోరికకు?

దేవరకొండ:
ఇక్కడే తెలుగు ఇబ్బంది పెడుతుంది. మంచీ చెడూ కాని ఒట్టి మాట మనకు లేదు. పేరాశ అంటే తిట్టు. చాలామంది దీన్ని పేరు కోసం ఆశ అనుకుంటారు, కాదు. ఇక్కడ ‘పేరు’ అంటే పెద్ద. పేరోలగం అంటే పెద్ద కొలువు అయినట్టే, పేరాశ అంటే పెద్ద ఆశ. చూశారా, మళ్లీ ‘పెద్ద’ దగ్గరికే వచ్చాం. పదవీకాంక్ష అన్నా తిట్టే. ఆశయం అంటే పొగడ్త. పైగా ఆశయం ఆశ నుంచి పుట్టలేదు. జలాశయంలో నీళ్లు నిలిచినట్టు మనసులో నిలిచిన సంకల్పం ఆశయం. కాబట్టి ‘నాకు గొప్ప ఆశయాలున్నాయి’ అని రాస్తే అందరూ అవునంటారు, ‘నాకు పదవీకాంక్ష ఉంది’ అని రాస్తే అందరూ కాదంటారు. కొలత రెండు విధాలా పోతుంది. నామవాచకం వదిలేసి పని చెప్పండి: ‘క్లాస్ లీడర్ ఎన్నిక జరిగితే నిలబడతాను.’

పాలమూరు:
నిజం. పని చెప్పే వాక్యానికే పిల్లలు నిజం చెప్తరు. ఇంకో మూడు జాగ్రత్తలు.

‘నాకు పెత్తనం నచ్చదు’ అన్నది రాయొద్దు. ఎవరి పెత్తనం? నేను చేసేదా, నా మీద చేసేదా? మన భాషల రెండు అర్థాలూ వస్తయి, ఒకటే టిక్కు రెండు తీర్ల మనుషులు పెడతరు.

‘అందరిని కలుపుకొని బాధ్యత తీసుకుంటా’ అన్నది రెండు ప్రశ్నలు. బాధ్యత తీసుకుంటడు గని ఎవరినీ కలుపుకోడు, అసుంటోడు ఏ గడిల పెట్టాలె? కలుపుకోలు గుణం వేరు, ముందుబడే గుణం వేరు, విడగొట్టుండ్రి.

తర్జుమా అయినంక అసలు చూడని ఇంకొకరితోటి తిరిగి మూలభాషలకు మార్పించుండ్రి. మీ ‘పెత్తనం’ వెనక్కి పోతే జబర్దస్తీ అనే అర్థంతోటి తేలుతది, తప్పు అక్కడనే దొరుకుతది. ఆ తర్వాత కొందరు పిల్లలను కూసోబెట్టి ‘ఈ వాక్యం నీకేం సమజయింది?’ అని అడగాలె. సర్కారు కాలేజీ పిల్లల మాట, పట్నం కాలేజీ పిల్లల మాట ఒకటి కాదు. రెండు దిక్కులా అడగాలె.

సూర్యాపేట:
‘లీడర్’ అనొచ్చునా? ఊర్లె లీడర్ అంటే పార్టీ మనిషే.

నాగర్‌కర్నూల్:
‘క్లాస్ లీడర్’ అంటే పర్వాలేదు, ఒట్టి లీడర్ అనొద్దు. ‘మేస్త్రి’ కూడా వద్దు. అది పోర్చుగీసు నుంచి వచ్చిన మాట, వాళ్లకు పనిల ఆరితేరినోడు. మన పాలమూరు వలసలల్ల గుంపు మేస్త్రి అంటే ఊర్లెనే అడ్వాన్స్ ఇచ్చి కూలీలను కూడగట్టి, కాంట్రాక్టర్ దగ్గరికి తోలుకపోయి, పని చేయించేటోడు. గుంపును నడిపించే నేర్పు అతనికి నిజంగనే ఉంటది, గని అతని మాట చెల్లేది నేర్పు వల్లనా అడ్వాన్స్ వల్లనా అన్నది ఆ మాటల తెలువది. పిల్లలు ఆ మాట వినంగనే అప్పునే యాది చేసుకుంటరు.

మిర్యాలగూడ (సభ్యురాలు):
అన్నలు ఒక సంగతి విడిచిపెట్టిండ్రు. ఆడపిల్లల కాగితంల పెద్దమనిషి అన్న మాట అసలే పెట్టొద్దు, ‘పెద్దమనిషి అయింది’ అంటే ఈడొచ్చిందని. పెత్తనం సుత మాకు వేరేగ తాకుతది. మగోడు చేస్తే అధికారం, ఆడది బయటికి పోతే ‘ఊరి పెత్తనాలకు పోయింది’ అంటరు. గడప దాటితేనే అంటుకునే మాట అది. ఒకే వాక్యం మగపిల్లలు ఒక తీర్గ, ఆడపిల్లలు ఒక తీర్గ చదివితే, ఆడపిల్లలకు నాయకత్వ గుణం తక్కువని లెక్క తేలుతది. అది వాళ్ల గుణం కాదు, మన మాట చేసిన తప్పు. మహిళా సంఘంల వాడే మాటలు తీసుకోండి: ‘బాధ్యత మీదేసుకుంటా’, ‘ముందలబడి చేస్తా’, ‘నలుగురి ముందు మాట్లాడుతా’. వీటిల ఆడ, మగ తేడా రాదు.

నల్లగొండ (అడిగినవారు):
అక్కా, దండం. వాక్యం ఇట్ల మార్చిన: ‘పదిమంది కలిసి పని చేసేటప్పుడు, ఎవరూ అడగకున్నా నేనే ముందుబడి మొదలుపెడతాను.’ ఎట్లున్నది?

మిర్యాలగూడ (సభ్యురాలు):
‘ఎవరూ అడగకున్నా’ తీసెయ్యి తమ్మీ. అది ఉంటే తగుదునమ్మా అని వచ్చినట్టు వినవడుతది, మళ్ల ‘అస్సలు కాదు’ గడినే నింపుతరు.