అమ్మ బట్టలు కొడుకు కట్టుకుంటే తప్పా?

కుంచె:
ఘనా కళాకారుడు సెర్జ్ అట్టుక్వే క్లాటీది రాజధాని ఆక్రాలో సముద్రం ఒడ్డునున్న లబాడీ. 'గా' తెగవాడు. అక్కడి ఆచారం ప్రకారం ఆడమనిషి పోతే ఆమె బట్టలు ఏడాదిపాటు తీయరు. తర్వాత కూతుళ్లు, ఇంటి ఆడవాళ్లు పంచుకుంటారు. తల్లి పోయాక, కొడుకు కనుక క్లాటీకి వాటా రాలేదు. ఆ దుఃఖంలోంచి 'అమ్మ బట్టల బీరువా' అనే కళాప్రదర్శన పుట్టింది. తనూ, తన బృందంలోని మగవాళ్లూ ఆడవాళ్ల బట్టలు కట్టుకుని వీధుల్లో తిరిగారు. 2016లో ఆక్రాలో ఒక పెద్ద హోటల్లో 'గ్యాలరీ 1957' అనే చిత్రశాల మొదలైంది కూడా ఇదే పేరున్న ప్రదర్శనతో. ఇది సబబేనంటారా?

పాతచీర:
నాకు సబబనిపించలేదండీ. మా అమ్మమ్మ చీరలు పంచుకున్న రోజు పిన్ని ఒక మడత విప్పబోతే పెద్దమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. అందులో ఇంకా పౌడరు వాసన ఉంది. విప్పితే పోతుందని భయం. ఏడాది ఆగడమంటే అలాంటిదే అనుకుంటాను. ఆ దుఃఖం ఆ ఇంటి ఆడవాళ్లది. దాన్ని పెద్ద హోటల్లో ఉన్న గ్యాలరీకి ఎక్కించే హక్కు కొడుక్కి ఎక్కడిది?

అద్దకం:
పాతచీర గారూ, మీ పెద్దమ్మ గారి మాట నాకు తాకింది. కానీ ఒక సంగతి చూడండి. ఘనాలో మైనపు అద్దకం బట్టలకు పేర్లుంటాయి, చాలావాటికి సామెతలే. 'మంచి పూస చప్పుడు చెయ్యదు' అని ఒకటి. ఏ బట్ట కట్టిందో చూసి ఆవిడ మనసులో మాట పోల్చుకుంటారు. ఆడదాని ఆస్తి కూడా అదే. అంటే ఆ బీరువాయే ఆవిడ రూపం. కొడుక్కి దక్కనిది బట్ట కాదు, అమ్మ రూపం.

పైగా క్లాటీ తన పనుల కోసం కోసేది పసుపురంగు ప్లాస్టిక్ డబ్బాలను. వంటనూనెతో దేశంలోకి వచ్చి, కుఫోర్ అధ్యక్షుడుగా ఉన్న రోజుల్లో (2001–2009) నీటి కరువులో ప్రతి ఇంటికీ బిందెలైన డబ్బాలవి. జనం వాటిని 'కుఫోర్ గ్యాలన్లు' అన్నారు. వాటిని చదరాలుగా కోసి, చిల్లులు పెట్టి, తీగతో కుట్టి దుప్పట్లలా వేలాడదీస్తాడు. మనుషుల బొమ్మలు వేసినప్పుడు వాళ్ల బట్టల్ని డక్ట్ టేపు ముక్కలతో అతికిస్తాడు. ఏ పని చేసినా చెయ్యి బట్ట దగ్గరికే పోతోంది.

ఇక గ్యాలరీ సంగతా? గా వాళ్లు ఆక్రా పక్కనున్న టేషీలో చేపలా, కోకో కాయలా, కారులా శవపేటికలు చేస్తారు. అక్కడి వడ్రంగి కానే క్వేయి పెట్టెలు 1989లోనే పారిస్‌లోని పాంపిడూ కళా కేంద్రంలో ప్రదర్శనకు పెట్టారు.

పాతచీర:
టేషీ పెట్టె మనిషిని మోసుకుని మట్టిలోకి పోతుంది. పారిస్‌కు పోయిన పెట్టెలో మనిషి లేడు. నా బాధంతా అదే.

కుంచె:
లబాడీ వీధిలో మాత్రం బట్టలో మనిషి ఉన్నాడు కదండీ. ఆడవాళ్లకే చెందిన బట్ట మగాడు కట్టుకుని, అమ్మలెరిగిన వాళ్ల ముందే నడవడం తేలికైన పని కాదు. నవ్వుతారు, తిడతారు.

పాతచీర:
ఆ నడక వరకు ఒప్పుకుంటాను. కొడుకులకు ఏడవడానికి ఒక గుడ్డ ముక్కయినా ఇవ్వాలని మా ఇంట్లోనూ ఎవరికీ తోచలేదు. మావయ్య ఆ రోజు గుమ్మం బయటే కూర్చున్నాడు. గ్యాలరీ విషయంలో మాత్రం నా మాట మారలేదు.