మడి: ఒకే మాటా, రెండా?

గోదారిగట్టు: నారుమడిలో మడి, కట్టుకునే మడి ఒకటేనా? ఏ భాషది? ఉప్పుమడి ఏ కోవలోకి వస్తుంది?

పదపంజరం: సంస్కృతం మాత్రం కాదు. మడత, మడుచు, మడి అన్నీ మన మాటలే, ఒకే కుదురువని నేనంటాను. 'ఉత్సాహం ఇనుమడించింది' అంటామే, అందులోనూ ఉంది. ఇనుమడి రెండింతలు, ముమ్మడి మూడింతలు. కన్నడంలో ఇమ్మడి పులకేశి, ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు అంటే ఆ పేరుగల రెండోవాడు, మూడోవాడు.

మండెగంప: రాజులెందుకండీ ఇక్కడ? ఎకరా నాటుకి 5 సెంట్ల నారుమడి, 20–25 కిలోల విత్తనం. 24 గంటలు నానబెట్టి, 24 గంటలు మండె కట్టి (మొలకెత్తేలా తడి గోనెలో కప్పి ఉంచి), ముక్కు పగిలాక చల్లాలి. నీళ్లు పెట్టి బురదగా దున్ని దమ్ము చేశాక చదును కుదరకపోతే పల్లంలో మొలక మురుగుతుంది, మెరకలో ఎండుతుంది. చుట్టూ గట్టు, లోపల సమంగా నీళ్లు, అదీ మడి. శ్రీకాకుళం జిల్లా నౌపాడలో ఉప్పు పండించే ఉప్పుమళ్లూ అంతే.

వంటిల్లు: మడి అంటే శుభ్రం అనేస్తారు, తప్పు. నూలుబట్ట తడిపి, ఎవరూ తాకని దండెం మీద ఆరేసి, కర్రతో తీసి కట్టుకుంటేనే మడి. ఇస్త్రీ చీర ఎంత తెల్లగా ఉన్నా మడి కాదు. పట్టుకి రోజూ తడపక్కర్లేదు.

పదపంజరం: వంటిల్లు గారూ, మడి అంటే ఉతికిన బట్టేనని సాక్ష్యం మీరే ఇచ్చారు. ఉతికిన బట్టకి పాత పేరు మడుగు. అడుగులకు మడుగులొత్తడం అందులోంచే వచ్చింది.

కొల్లేటికొంగ: మడుగంటే నీటిగుంట. కాళియమడుగు వినలేదా?

పదపంజరం: అది వేరే మడుగు. గుంటని అడుగుల కింద ఎలా ఒత్తుతారు? నడిచే దారిలో ఉతికిన బట్టలు పరవడం అది. ముప్పై ఏళ్లుగా నిఘంటువులే నా పని.

కొల్లేటికొంగ: ఏళ్లు చెప్తే అర్థం రుజువవదు. ఒత్తడానికి పరవడమనే అర్థం ఎక్కడుందో చూపించండి.

మండెగంప: అడిగింది మడి, మడుగు కాదు! బడి–బళ్లు, గుడి–గుళ్లు, మడి–మళ్లు. మళ్లు అన్నది పొలానికే. కట్టుకునే మడికి బహువచనమే లేదు. అందుకే రెండు మాటలంటాను.

పదపంజరం: శుచిని లెక్కపెట్టం కాబట్టి బహువచనం లేదు. అంతమాత్రాన వేరే మాట అయిపోదు. కన్నడంలోనూ మడికి రెండర్థాలూ ఉన్నాయి.

మండెగంప: రెండు భాషల్లో ఉంటే రెండూ ఒకటైపోతాయా? మడత నుంచి పొలం ఎలా వచ్చిందో మీరింకా చెప్పలేదు.

తులసికోట: వంటిల్లు గారూ, పట్టుకి తడపక్కర్లేదనకండి. మా వైపు మడిపట్టుతో భోంచేస్తే మళ్లీ తడిపి ఆరేయాల్సిందే.