రోడ్డు మీద ఆపి, వేలిముద్ర తీసి వారెంట్లు వెతకడం చట్టబద్ధమేనా?

మూసీ తీరం
మొన్న శనివారం రాత్రి మా అబ్బాయి, అతని స్నేహితుడు బండి మీద ఇంటికి వస్తుండగా పాతబస్తీలో ఒక కూడలి దగ్గర పోలీసులు ఆపారు. లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. బ్రీత్ ఎనలైజర్‌లో ఊదితే సున్నా చూపించింది. అక్కడితో పంపించవలసింది. కానీ ఒక చిన్న యంత్రం తెచ్చి ఇద్దరి చేతా వేలు పెట్టించారు, ఫోనుతో ముఖాలకు ఫోటో తీశారు. పెండింగ్ వారెంట్లు ఏమైనా ఉన్నాయేమో చూస్తున్నామని చెప్పారు. ఏమీ లేవు కనుక వదిలేశారు. ఏ తప్పూ చేయని మనిషి వేలిముద్రను నడిరోడ్డు మీద అడిగే అధికారం పోలీసులకు ఏ చట్టం ఇచ్చిందో తెలిసినవారు చెప్పగలరు.

రిటైర్డ్ హెచ్‌సీ
నేను హెడ్ కానిస్టేబుల్‌గా పదవీ విరమణ చేసినవాణ్ణి. మీకు కనిపించని పక్క ఏమిటో చెబుతాను. ముద్దాయి వాయిదాకు రాకపోతే కోర్టు ఎన్‌బీడబ్ల్యూ, అంటే నాన్ బెయిలబుల్ వారెంటు జారీ చేస్తుంది. అది స్టేషన్‌కు, అక్కడి నుంచి ఒక కానిస్టేబుల్ చేతికి వస్తుంది. అతను వెతుక్కుంటూ వెళ్లేసరికి ఆ చిరునామాలో ఎవరో కొత్తవాళ్లు అద్దెకు ఉంటారు, జామీను ఇచ్చినవాడు తనకేమీ తెలియదంటాడు. తర్వాతి వాయిదాలో వారెంటు ఎందుకు అమలు కాలేదని మెజిస్ట్రేటు గారు అడిగితే మాట పడేది ఆ కానిస్టేబులే. ఆ ముద్దాయి మాత్రం అదే నగరంలో రోజూ తిరుగుతూనే ఉంటాడు. వేలిముద్రను పాత రికార్డులతో పోల్చే పాపిలాన్ యంత్రం చేతికి వచ్చాక, పాత కేసులున్నవాడు పేరు మార్చి చెప్పినా దొరుకుతున్నాడు. తప్పు చేయనివాడికి పోయేది ఒక్క నిమిషం. దానికి ఇంత బాధ పడవలసిన అవసరం ఏముందో నాకు అర్థం కావడం లేదు.

అమీర్‌పేట హాస్టల్
నాకు ఒక్క విషయం స్పష్టంగా కావాలి. బండి వెనుక కూర్చున్నవారు గుర్తింపు కార్డు చూపించాలా, అక్కర్లేదా?

న్యాయవాది, హన్మకొండ
యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే లైసెన్సు చూపించవలసిన బాధ్యతను మోటారు వాహనాల చట్టం 130వ సెక్షను వాహనం నడిపే వ్యక్తి మీద పెట్టింది. డిజిలాకర్‌లో గాని, ఎం-పరివాహన్‌లో గాని చూపినా చెల్లుతుంది. వెనుక కూర్చున్న వ్యక్తి గురించి ఆ సెక్షను ఏమీ చెప్పలేదు. పేరు, చిరునామా చెప్పనందుకు అరెస్టు చేసే అధికారం, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 39వ సెక్షనులో ఉంది. అయితే పోలీసు కళ్లెదుట నాన్ కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంటు లేకుండా అరెస్టు చేయడానికి వీల్లేని నేరం చేసినవారికి, లేదా అలాంటి నేరం చేశారన్న ఆరోపణ ఉన్నవారికే అది వర్తిస్తుంది.

వేలిముద్రల విషయానికి వస్తే, 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం స్థానంలో 2022లో క్రిమినల్ ప్రొసీజర్ (ఐడెంటిఫికేషన్) చట్టం వచ్చింది. వేలిముద్రల వంటి కొలతలు ఎవరివి తీసుకోవచ్చో అది స్పష్టంగా చెప్పింది: శిక్ష పడినవారు, అరెస్టయినవారు, ముందస్తు నిర్బంధంలో ఉన్నవారు, సత్ప్రవర్తన పూచీకత్తు ఇవ్వవలసిందిగా ఆదేశం పొందినవారు. ఇది కాక, దర్యాప్తు కోసం మెజిస్ట్రేటు ఆదేశించవచ్చు. సేకరించిన రికార్డును 75 ఏళ్లు ఉంచుకునే అధికారం ఇచ్చిన ఆ విస్తృతమైన చట్టం కూడా రోడ్డు మీద పోయేవాణ్ణి ఆ జాబితాలో చేర్చలేదు. వేలిముద్ర ఇవ్వడమంటే తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పడం కాదని సుప్రీంకోర్టులో 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం 1961లోనే తేల్చింది కనుక నేను ఆ వాదన చేయడం లేదు. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తులు చెప్పారు. ఆ హక్కులో జోక్యం చేసుకోవాలంటే ముందుగా ఒక చట్టం ఉండాలన్నారు. ఆ చట్టం ఏదన్నదే నా ప్రశ్న.

రిటైర్డ్ హెచ్‌సీ
అదే సంహితలో 172వ సెక్షను చదవండి. విధి నిర్వహణలో పోలీసు ఇచ్చే ఆదేశాన్ని ప్రతి ఒక్కరూ పాటించాలని అందులో ఉంది.

న్యాయవాది, హన్మకొండ
చదివాను. చట్టబద్ధమైన ఆదేశాన్ని పాటించాలని అందులో ఉంది. ఆదేశం చట్టబద్ధమా కాదా అని చర్చించుకుంటున్నప్పుడు ఆ సెక్షనునే ఆధారంగా చూపితే మనం మొదలుపెట్టిన చోటికే తిరిగి వస్తాం.

డల్లాస్ తెలుగు
ఇక్కడ ట్రాఫిక్‌లో ఆపిన ప్రతిసారీ లైసెన్సు నంబరుతో వారెంట్లు చూస్తారు. అది మామూలు తనిఖీలో భాగమేనని అమెరికా సుప్రీంకోర్టు 2015లో చెప్పింది, కానీ పోలీసు కుక్క చేత వాసన చూపించడానికి ఆ ఆపడాన్ని పొడిగించకూడదని అదే తీర్పులో అన్నది. యూటా నుంచి వచ్చిన కేసులో 2016లో మరో అడుగు ముందుకు వేసి, ఆపడమే చట్టవిరుద్ధమైనా ఆ మనిషి మీద పాత వారెంటు బయటపడితే తర్వాత దొరికిన సాక్ష్యం చెల్లుతుందని మెజారిటీ తీర్పు ఇచ్చింది. జస్టిస్ సోటోమేయర్ దానితో తీవ్రంగా విభేదించారు. ఆ భిన్నాభిప్రాయంలో ఆమె ఫెర్గూసన్ పట్టణాన్ని కూడా ప్రస్తావించారు. సుమారు 21 వేల జనాభా ఉన్న ఆ పట్టణ కోర్టులో 16 వేల మందికి పైగా మనుషుల మీద వారెంట్లు పెండింగ్‌లో ఉన్నట్టు అమెరికా న్యాయశాఖ నివేదిక 2015లో బయటపెట్టింది. వాటిలో చాలావరకు చిన్న చిన్న జరిమానాలతో మొదలైనవే. వారెంట్లు ఎక్కువైన చోట ఎవరిని ఆపినా ఏదో ఒకటి దొరుకుతుంది, దొరికింది కనుక ఆపడం సరైనదే అనిపిస్తుంది.

అమీర్‌పేట హాస్టల్
అమెరికా సంగతి తర్వాత చూద్దాం. వెనుక కూర్చున్నవారి గురించి చట్టం ఏమీ చెప్పలేదంటే చూపించనవసరం లేదనే అర్థమా? గత నెలలో నా కార్డు తీసుకుని ఫోటో తీశారు, నా ఫోన్ నంబరు కూడా రాసుకున్నారు. ఆ నంబరు ఎవరి దగ్గర ఉందో నాకు తెలియాలి.

డెలివరీ బండి
నా మీద చెక్ బౌన్స్ కేసులో ఎన్‌బీడబ్ల్యూ ఉండేది. కోర్టుకు వెళ్లి, జరిమానా కట్టి దాన్ని రీకాల్, అంటే రద్దు చేయించుకున్నాను. ఆ తర్వాత చాలా రోజులకు రాత్రి తనిఖీలో ఆపి, కంప్యూటర్‌లో వారెంటు ఇంకా ఉందని స్టేషన్‌కు తీసుకెళ్లారు. రీకాల్ కాగితం ఇంట్లో ఉందని ఎంత చెప్పినా వినలేదు. తెల్లవారి మా తమ్ముడు కాగితం తెచ్చేదాకా బెంచీ మీదే కూర్చోబెట్టారు. సంచిలోని ఆర్డర్లు కస్టమర్లకు చేరలేదు కనుక కంపెనీ నా ఐడీని బ్లాక్ చేసింది. హెచ్‌సీ గారు ఒక్క నిమిషం అంటున్నారు. నాకు ఒక రాత్రి, దాని వెనుక ఒక వారం జీతం పోయాయి.

న్యాయవాది, హన్మకొండ
ఈయన చెప్పినలాంటిదే ఒక ఉదంతం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ముంబైలో ఒక న్యాయవాది మీది వారెంటును 2002 ఆగస్టులో కోర్టు రద్దు చేసింది. అయినా ఆగస్టు 15న ఆయనను అదే వారెంటు మీద అరెస్టు చేశారు. 2011లో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు వారెంట్ల జారీకి, రద్దుకు రిజిస్టర్లు ఎలా నిర్వహించాలో మార్గదర్శకాలు పెట్టింది. వారెంటు అమలు చేసే అధికారి దాని సారాంశం చెప్పాలి, అడిగితే వారెంటును చూపించాలి. ఇది నాగరిక్ సురక్షా సంహిత 77వ సెక్షను. స్క్రీన్ మీద కనిపించే ఒక వరుస వారెంటు కాదు.

చబూత్రా వాసి
సెక్షన్లన్నీ విన్నాను. ఇప్పుడు నేను అడుగుతాను. మా వీధుల్లో రాత్రి అరుగు మీద కూర్చున్న పిల్లలను ‘ఆపరేషన్ చబూత్రా’ పేరుతో స్టేషన్‌కు తీసుకెళ్లారు. నిర్బంధ తనిఖీలంటూ తెల్లవారుజామున బస్తీలను చుట్టుముట్టి ఇంటింటికీ వచ్చి ఆధార్ కార్డులు అడిగారు. 2021లో గంజాయి కోసమని దారిన పోయేవారి ఫోన్లు తీసుకుని చాట్‌లు వెతికిన వీడియోను ఊరంతా చూసింది. అదే ఏడాది లాక్‌డౌన్‌లో ఒక సామాజిక కార్యకర్తను ఆపి, మాస్కు తీయించి ఫోటో తీస్తే ఆయన హైకోర్టుకు వెళ్లారు, 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసు వెళ్లింది. ఎగవేతదారులు, మోసగాళ్లు జూబ్లీహిల్స్‌లో ఉండరా? అక్కడ గేటెడ్ కమ్యూనిటీ ముందు కారు ఆపి, లోపల కూర్చున్న కుటుంబం చేత వేలు పెట్టించడం ఎవరైనా చూశారా? హెచ్‌సీ గారూ, మీ ఒక్క నిమిషం ఎప్పుడూ మా దగ్గరే ఎందుకు తీసుకుంటారు?

రిటైర్డ్ హెచ్‌సీ
నేను ఎవరి మతమూ, ఎవరి బస్తీ చూసి ఉద్యోగం చేయలేదు. ఆ మాట నా మీద వేయవద్దు. ఇప్పటిదాకా చెప్పని సంగతి ఒకటి చెబుతాను. మా చెల్లెలి కొడుకును ఒక వ్యాను గుద్ది చంపింది. డ్రైవరు బెయిలు మీద బయటకు వచ్చి వాయిదాలకు రావడం మానేశాడు. నేను డిపార్ట్‌మెంటులో ఉండి కూడా వాణ్ణి పట్టుకోలేకపోయాను. మా చెల్లెలు ప్రతి వాయిదాకూ కోర్టు వరండాలో కూర్చుని, వారెంటు పెండింగ్ అన్న మాట విని ఇంటికి వచ్చేది. వాడు ఇదే నగరంలో బండి నడుపుతూ బతుకుతున్నాడని మా అందరికీ తెలుసు. ఒక్క రాత్రి ఒక్క చోట వాడి వేలు ఆ యంత్రం మీద పడి ఉంటే ఆవిడకు న్యాయం జరిగేది. మీరు ఆపినవారి హక్కుల గురించే మాట్లాడుతున్నారు. వరండాలో కూర్చున్న మనిషికి హక్కు లేదా?

మూసీ తీరం
అన్నా, మీ చెల్లెలి గారి బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ డ్రైవరు పేరు, ఫోటో, లైసెన్సు నంబరు మీ స్టేషన్‌లో ఉన్నాయి. వాడి కోసం వెతకడం వేరు, వాడు దొరకవచ్చునని మా అబ్బాయి వేలు పట్టుకోవడం వేరు. మా అబ్బాయి వేలిముద్ర పోల్చి వదిలేశారా, దాచుకున్నారా అన్నది నాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. ఆపిన అధికారి పేరు కూడా తెలియదు, నేమ్ ప్లేటు మీద జాకెట్ ఉందట.

న్యాయవాది, హన్మకొండ
మనం అసలు విభేదించవలసింది ఇక్కడే. ప్రతి తనిఖీకి ఒక చీటీ ఇవ్వాలి. ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు, ఏ రికార్డుతో పోల్చారు, దాన్ని ఉంచుకున్నారా అన్నవి అందులో ఉండాలి. చలానాకు రసీదు ఇస్తున్నప్పుడు దీనికెందుకు ఇవ్వకూడదు? అప్పుడు ఏ ప్రాంతంలో ఎందరిని ఆపారో కూడా లెక్క తేలుతుంది.

రిటైర్డ్ హెచ్‌సీ
రాత్రి వందల బండ్లు వచ్చే చోట ముగ్గురు కానిస్టేబుళ్లు ఉంటారు. ప్రతివాడికీ చీటీ రాయమంటే తనిఖీయే ఆగిపోతుంది. మీకు కావలసింది కూడా అదేనని నాకనిపిస్తోంది.

చబూత్రా వాసి
కారణం రాయలేని తనిఖీ ఆగిపోవలసిందే. నేను దాచడం లేదు.

డెలివరీ బండి
చీటీ ఇచ్చినా నా ఐడీ తిరిగి రాదు. కోర్టు రీకాల్ చేసిన రోజే స్టేషన్ కంప్యూటర్‌లో అది కనిపించేలా చేయమని ఎవరైనా అడగండి.

మూసీ తీరం
సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాస్తున్నాను. ఆ రాత్రి ఆ కూడలిలో ఎందరి వేలిముద్రలు తీసుకున్నారు, ఏ ఉత్తర్వు ప్రకారం తీసుకున్నారు, ఎన్ని ఉంచుకున్నారు, ఎన్ని వారెంట్లు దొరికాయి అని అడుగుతున్నాను. రీకాల్ అయిన వారెంట్లను ఎన్ని రోజుల్లో తొలగిస్తారన్నది కూడా చేర్చాను.

న్యాయవాది, హన్మకొండ
పేర్లు అడగకుండా అంకెలు, ఉత్తర్వుల నకళ్లు మాత్రమే అడగండి. దర్యాప్తుకు ఆటంకమని 8(1)(హెచ్) కింద తిరస్కరించడం అప్పుడు కష్టమవుతుంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు నేను రాసిస్తాను.

రిటైర్డ్ హెచ్‌సీ
పెట్టండి. ఎన్ని వారెంట్లు దొరికాయన్న అంకె వచ్చాక, అది ఎక్కువైనా తక్కువైనా, ఇక్కడే అందరికీ కనిపించేలా రాయండి.